దొడ్డమ్మగారి మడి

దొడ్డమ్మగారు పోయిన కబురు నాకు మజ్జిగ అన్నం అయ్యేదాకా చేరలేదు. కబురు తెచ్చిన మా చిన్నాన్నగారు మాత్రం నేను పప్పులో ఉండగానే రాజమహేంద్రవరంలో మా వాకిట్లో నిలబడ్డారు. తింటున్నవాడికి చావు కబురు చెప్పకూడదని మావాళ్ళ ఆచారం.

"లోపలికి రండి చిన్నాన్నగారూ" అంటే, "ఆయ్, ఇక్కడ గాలి బాగుందిరా. నువ్వు కానీ" అన్నారు.

గాలి ఎక్కడా లేదు. నేను ఊరుకున్నానా? గన్నవరం దగ్గర కింద ఏరు, ఆ ఏటి మీద కట్టిన వంతెనలో కొత్త కాలువ పోతుంటే, పడవలో కూర్చుని ఏ నీటికి సంకల్పం చెప్పుకోవాలో తోచక స్నానం ఎగ్గొట్టేరా, అందుకే లోపలికి రారా అని వేళాకోళం మొదలుపెట్టాను. ఆయన నవ్వారు కూడాను. నేను చెయ్యి కడుక్కుని మూతి తుడుచుకున్నాక, "ఒరే, దొడ్డమ్మ వెళ్ళిపోయిందిరా. స్నానం చెయ్యి" అన్నారు.

చదువరులారా, గంభీరంగా రాయడం నాకు అలవాటు లేని విద్య. తప్పులుంటే మన్నించాలి.

దొడ్డమ్మగారు అంటే మా పెదనాన్నగారి భార్య. రాజోలు వైపు వారి ఇల్లు. పెదనాన్నగారు వేదం చెప్పేవారు. నాకు ఒడుగు చేసి, కాస్త బాగుపడతానేమోనన్న ఆశతో మావాళ్ళు నన్నక్కడ వదిలారు. ఆ ఇంట్లో పిల్లలు ఏడుగురు. దొడ్డమ్మగారి అత్తగారు, అంటే మా నాయనమ్మగారు, ఒక్కరే గాని, పదిమంది పెట్టు. ఆపైన శిష్యులు, చుట్టాలు, పడవ తప్పిపోయి ఆగినవాళ్ళు, వంట వాసన తగిలి కావాలని పడవ తప్పించుకున్నవాళ్ళు. అందరికీ వండిపెట్టేది దొడ్డమ్మగారు ఒక్కర్తే.

తెల్లవారకముందే నూతి దగ్గర నీళ్ళు పోసుకుని, ఎవరూ తగలకుండా ఎత్తుగా ఆరేసిన చీరను కర్రతో దింపి కట్టుకునేవారు. అదే మడి. ఇక మధ్యాహ్నం విస్తళ్ళు లేచేదాకా ఆవిడను ఎవరూ ముట్టుకోకూడదు, కన్నబిడ్డలైనా సరే. బట్ట కట్టని పసివాళ్ళకే మినహాయింపు. తక్కినవారికి వంటింటి గడపే పొలిమేర. మేము దాని ఇవతల వరసగా కూర్చుని, అవతల నడిచే పాదాలు చూస్తూ అన్నానికి ఎదురుచూసేవాళ్ళం. నిప్పులు కడిగే ఆచారమని ఊరంతా ఆవిడను మెచ్చుకునేది. పక్కింటివాళ్ళు కోడళ్ళను తిట్టాలంటే ఆవిడ పేరు చెప్పే తిట్టేవారు.

చెన్నపట్నంలో కాలేజీ చదువు వెలగబెట్టి సెలవులకు వచ్చినప్పుడు, లోకాన్ని ఉద్ధరించే పని ఆ గడప దగ్గరే ప్రారంభించాను.

"దొడ్డమ్మగారూ, నేను ముట్టుకుంటే దేవుడికి ఏమవుతుందండీ?"

"దేవుడికేం కాదురా, నువ్వే మసి అవుతావు. పొయ్యి ఊదుతున్నాను, అవతలికి జరుగు."

"నిజం చెప్పండి."

ఆవిడ చుట్టూ చూశారు. అత్తగారు పెరట్లో ఎవరినో దులిపేస్తున్నారు. "నిజమా? పొద్దున లేస్తే కొంగు పట్టుకుని లాగేవాళ్ళు ఏడుగురు. మీ పెదనాన్నతో ఎనమండుగురు. మడి కట్టుకున్నానూ, ఒక్కడు లాగడు. ఈ నాలుగు ఘడియలూ నేనూ, ఆ పైవాడూ. కాశీ వెళ్ళడానికి ఎవరు పంపుతారురా నన్ను? ఇదే నా కాశీ. మీ నాయనమ్మతో అన్నావంటే చంపేస్తాను."

ఎంత గడుసుదనం! ఊరంతా నిష్ఠ అనుకుంటున్నది ఒక తల్లి వేసుకున్న తలుపు. దానికి గడియ కూడా శాస్త్రమే పెట్టి ఇచ్చింది. ఆ తలుపు చాటున ఆవిడ నిజంగానే ఏదో సాధించారని నా నమ్మకం. గంజి వారుస్తుంటే ఆవిడ ముఖం చూడాలి. జపం చేసుకుంటూ పెదనాన్నగారు రెండుసార్లు ఆవులించేవారు, ఆవిడ ఒక్కసారి కూడా కాదు. "గంజి వార్చేటప్పుడు గంజే వార్చాలిరా. పిల్ల పెళ్ళి గురించి ఆలోచించేవా, చెయ్యి కాలుతుంది" అనేవారు. "అడవిలో కూచుంటే ఎవడికైనా మనసు నిలుస్తుంది. గుమ్మంలో ఏడుగురు ఉండగా నిలవాలి" అని ఇంకో మాట. పిల్లలున్న స్నేహితులకు ఈ రెండు ముక్కలూ చెప్పి చాలాకాలం నేను పండితుణ్ణనిపించుకున్నాను.

ఏడుగురిలో ఆఖరిదాన్ని చంటిది అనేవాళ్ళం. ఆ ఏడే పరికిణీ కట్టింది. కట్టిన రోజున వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు తిరిగి అందరికీ చూపించి వచ్చింది. దాంతో తన మినహాయింపు పోయిందని దానికి ఎవరు చెబుతారు?

మా తాతగారి తద్దినం ఆ సెలవుల్లోనే వచ్చింది. తద్దినం వంటంటే మడి మరీ గట్టిగా ఉండాలి. వండే మనిషిని ఎవరైనా తాకితే వంటంతా మళ్ళీ మొదలు, భోక్తలుగా కూర్చునే బ్రాహ్మలు పస్తు. ఆ పొద్దున చంటిదానికి వాంతులు పట్టుకున్నాయి. అరటితొక్కో, మామిడి టెంకో తిని ఉంటుందని నాయనమ్మగారు శొంఠి అరగదీసి పట్టారు. అది నా ఒళ్ళోంచి లేచి, గోడ పట్టుకుని గడప దాకా వెళ్ళింది.

"అమ్మా, ఒక్కసారి ముట్టుకోనా?"

"భోక్తలు లేవనీ తల్లీ. లేవగానే ఎత్తుకుంటాను."

"చిటికెనవేలుతో?"

"మా తల్లివి కదూ."

మా తల్లే. మేమందరం పెంచిన తల్లి, చెప్పిన మాట వినే తల్లి. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, పొరపాటునైనా తగలకుండా గడప పక్కనే కూర్చుంది. తరవాత కూర్చోలేకపోయింది. నేను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని కోతి వేషాలు వేశాను. కాలేజీ చదువు ఇంతకంటే ఏం చేస్తుంది? రెండో వేషానికి కాస్త నవ్వింది. భోక్తలు లేచి, తాంబూలాలు పుచ్చుకుని, అరుగు దిగేసరికి పిల్ల చేతులు చల్లబడ్డాయి. దొడ్డమ్మగారు పరుగెత్తుకు వచ్చి ఎత్తుకున్నారు. దీపాలు పెట్టే వేళకు పోయింది.

మాయదారి రోగమని, ముట్టుకుని ఉన్నా బతికేది కాదని అందరూ చెప్పారు. నేను ఇంగ్లీషు వైద్యాన్ని సాక్ష్యానికి పిలిచి మరీ చెప్పాను. ఆవిడ అంతా విన్నారు.

"బతకదని నాకూ తెలుసురా. అది నన్ను అడిగింది బతికించమని కాదు కదా. ముట్టుకుంటానంది."



ఆ తరవాత ఆవిడ మడి కట్టుకోలేదు. ఊరు ముక్కున వేలేసుకుంది. మళ్ళీ ఏడు తద్దినం వచ్చినప్పుడు అత్తగారు పట్టుబట్టారు. "ఏమే, ఇంట్లో మడి వంట లేకపోతే పితృదేవతలు ఏం తింటారే?"

"వాళ్ళు ఆగుతారు లెండి అత్తగారూ. ఆగలేనిది ఒకర్తి ఉండేది."

అత్తగారు తానే పొయ్యి ముట్టించారు.

ఇక పిల్లల్ని ముట్టుకోవచ్చు కదా. ముట్టుకోబోయేవారు. కాని వాళ్ళు గడప నేర్చుకున్న పిల్లలు. పొద్దున పూట అమ్మ చెయ్యి దగ్గరికి వస్తే చటుక్కున తప్పుకునేవారు. "అమ్మా, మడి!" అనేవారు. "లేదర్రా, నేను మడి కట్టుకోలేదు" అంటే వినేవారు, నిలబడేవారు, భుజాలు మాత్రం బిగపెట్టుకునేవారు. పెద్ద కొడుకైతే తానే మడి పట్టాడు. పెళ్ళయి, పిల్లలు పుట్టాక, తల్లికంటే గట్టిగా పట్టాడు. "జపంలో ఉన్నానమ్మా, తాకకు" అనేవాడు. ఎందుకు పట్టాడో నాకు తెలుసు. వాడికీ నలుగురు పిల్లలు.

ఒకసారి నా భార్య చంకలో ఒకడితో, కొంగు పట్టుకున్న మరొకడితో ఆవిడ దగ్గర కూర్చుంది. "దీపం పెట్టుకునే తీరికైనా లేదండీ దొడ్డమ్మగారూ. మనసు నిలవడం లేదు. అంతమందితో మీరు ఎలా నిలిపేవారండీ?"

"నిలిపేనమ్మా. గుమ్మంలో పిల్ల పిలిచినా కదలనంత బాగా నిలిపేను. నన్ను అడక్కు."

ఆ మాట అక్కడ అలా పడి ఉంటే చూడలేక నేను దూరాను. "పోనీ, సగం మడి, సగం పిల్లలు అని మధ్యస్థంగా ఏదైనా చెప్పండి."

ఆవిడ నవ్వలేదు. నన్ను చూసి, "నీకు తెలిస్తే చెప్పరా, చదువుకున్నావు కదా" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. ఇన్నాళ్ళకు నాకు తెలిసింది ఇంతే. తలుపు వేసుకోకపోతే నేను మిగలను, వేసుకుంటే అవతల ఎవరు మిగులుతారో తెలియదు. ఈ మాట రాస్తుండగానే మావాడు తలుపు బాదుతున్నాడు. తీశాను. కాసేపు ఉండి, వాడికేమీ అక్కర్లేక వెళ్ళిపోయాడు.

కబురు విని వెళ్ళేసరికి దహనం అయిపోయింది. పురుడైనా చావైనా మైల వస్తే జ్ఞాతులందరిదీ ఒకటే మైల. పది రోజులు ఆ ఇంట్లో ఎవరికీ మడి ఉండదు, ఎవరు ఎవరినైనా ముట్టుకోవచ్చు. పొయ్యి వెలిగించలేదు, పక్కింటివాళ్ళు అన్నం తెచ్చి అరుగు మీద పెట్టిపోతున్నారు. ఆరుగురు పిల్లలూ, ఇప్పుడు మీసాలు, కాపురాలు ఉన్నవాళ్ళు, ఖాళీ వంటింట్లోకి మొదటిసారి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డారు.

పొయ్యి పక్క గోడంతా మసి. ఒక్కచోట మాత్రం భుజమంత ఎత్తున మసి లేకుండా నున్నగా, జిడ్డుగా మెరుస్తోంది. అన్నేళ్ళూ గంజి వార్చి ఆవిడ ఆనుకున్న చోటు.

పెద్దవాడు దాని దగ్గరికి నడిచాడు. చెయ్యి చాచాడు. ఇంకో బెత్తెడు ఉందనగా చెయ్యి ఆగిపోయింది. మడి లేదని వాడికి తెలుసు, మాకందరికీ తెలుసు. గోడకు బెత్తెడు ఇవతల ఆ వేళ్ళు అలాగే ఉన్నాయి.