ఊక కుప్ప మీద మంచు

మా చిన్నబాపు పోయిన సోమవారం పొద్దున మానుకోట దవాఖానలో కన్నుమూశాడు. కాగితాల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మా నోట మానుకోటే. ఆయన మా బాపుకు తమ్ముడు, ఇంట్లో పిల్లలందరికీ దోస్తు. కబురు తెలియగానే జనగామ బజారులో బట్టల దుకాణాలు ఒక పూట మూసేశారట. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ "మంచి మనిషి" అన్నారు. నేను తల ఊపాను. మంచి మనిషే. కాదని ఎవరైనా అంటే వాళ్లతో జగడానికి నేనే ముందు పోతాను. కానీ ఆ మంచి మనిషి నన్ను నమ్మించి మోసం చేశాడు. ఆ సంగతి వదిలేసి మిగిలిన మంచి మాటలన్నీ రాస్తే చదివేవాళ్లకు బాగానే ఉంటుంది, నాకే గొంతు దిగదు.

మాది జనగామలో బట్టల దుకాణం. గద్దె మీద బాపు కూర్చునేవాడు, సరుకు కోసం ఊళ్లు తిరిగే పని చిన్నబాపుది. చలికాలం ముందు స్వెట్టర్లు, మఫ్లర్లు కొనడానికి లూధియానా దాకా పోయేవాడు. అలా పోయినప్పుడు ఒకసారి అక్కడి వ్యాపారి వెంట సిమ్లా చూసి వచ్చాడు. ఇక చూడండి! దుకాణంలో చీర మడత విప్పితే సిమ్లా, రవికె గుడ్డ కొలిస్తే సిమ్లా. "కాళ్లకు చెక్కలు కట్టుకొని మంచుగుట్ట మీదికెళ్లి జారుతరు బిడ్డ. ఆడోళ్లు, మొగోళ్లు, ముసలోళ్లు గూడ. సర్రున వస్తరు, కింద నిలవడి నవ్వుతరు" అని చెప్పేవాడు. మా నాయినమ్మ వత్తులు చేసుకుంటూనే, "నడుము ఇరిగితే తెలుస్తది, ఏడ నవ్వుతరో" అనేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. మా అన్న, మా మేనత్త కొడుకు ఇద్దరూ మీసాలు మొలుస్తున్న వయసులో ఉన్నారు. మేనత్త కొడుకు మా ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు, నేను బావా అని పిలిచేదాన్ని. వీధి చివర నినాదం వినిపిస్తే చాలు, ఇద్దరూ చెప్పులేసుకునేవారు. లాఠీలు విరుగుతున్న రోజులు. ఇంట్లో అందరూ పరేషాన్. నేను వాళ్లకంటే ఒక ఏడు చిన్న. బడి లేక, బయటికి పోనివ్వక, బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేదాన్ని.

ఒక పొద్దు అన్నాల దగ్గర చిన్నబాపు మాట తీశాడు. "ఈ పోరగాండ్లకు ఏదన్న పని చెప్పకుంటే తలకాయలు పగులగొట్టుకుంటరు. శివరాత్రి ఎల్లినంక మంచుకు తీస్కపోత. అందాక జారుడు నేర్పుత."

బాపు గిన్నె దగ్గరికి జరుపుకుని మజ్జిగ పోసుకున్నాడు. నేను వడ్డించే చెయ్యి ఆపి, "మరి నేను?" అన్నాను.

"నువ్వు లేంది ఎట్లనే? నువ్వే ముందు" అన్నాడు చిన్నబాపు.

నువ్వే ముందు. మా ఇంట్లో ఒక ఆడపిల్లతో అంతకుముందు ఎవరూ అనని మాట అది. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

జనగామలో మంచు ఎక్కడిదండీ? మా మేనమామ వాళ్ల రైసు మిల్లు వెనక ఊక కుప్ప ఉండేది. ఇంటి కప్పుకంటే ఎత్తు. అదే మా సిమ్లా. వడ్లాయన, అదే వడ్రంగి, దగ్గర టేకు పలకలు చిత్రిక పట్టించి, కొసలు కొంచెం పైకి లేచేట్టు చెక్కించాడు చిన్నబాపు. సైకిలు ట్యూబు కోసి వాటితో పలకలను కాళ్లకు కట్టేవాడు. పరికిణీ అడ్డం పడుతోందని మా అన్న పైజామా తెచ్చి నాకు తొడిగించింది కూడా ఆయనే. అమ్మ నెత్తి కొట్టుకుంది. మిల్లు హమాలీలు పని ఆపి చూసేవారు. ఊక ముక్కులోకి పోయి తుమ్ములు, మెడంతా దురద, జడలో ఊక. అయినా పొద్దు ఎప్పుడు పొడుస్తుందా, కుప్ప దగ్గరికి ఎప్పుడు పోతామా అని ఉండేది.

"ముందుగాల పడుడు నేర్చుకోండ్రి. నిలవడుడు దానంతట అదే వస్తది" అని తానే ధోవతి కచ్చ బిగించి కుప్ప మీదినుంచి ధబీమని పడి చూపించాడు. లేచి, మూతి మీద ఊక తుడుచుకుంటూ, "గిట్ల. ఎముకలేం ఇరుగలే కద?" అన్నాడు. ఇంకో మాట రోజూ చెప్పేవాడు: "కాళ్లకింద చూస్తె పడుతవు. పోయేకాడికి చూడు." అన్న ఎప్పుడూ కాళ్లకింద చూసేవాడు, పడేవాడు. బావ చూడకపోయినా పడేవాడు. నేను మాత్రం పై నుంచి సర్రున వచ్చి మిల్లు గోడ దగ్గర ఆగేదాన్ని. చిన్నబాపు హమాలీలకు వినబడేట్టు చప్పట్లు కొట్టేవాడు. బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆముదం సంగతి చెప్పాలి. మా ఇంట్లో తలుపు కిర్రుమంటే ఆముదం, బండి ఇరుసు బిగుసుకుంటే ఆముదం, పిల్లవాడికి కడుపు ఉబ్బితే ఆముదం. అందుకని నేనే అన్నాను, "చిన్నబాపూ, పలకలకు గూడ ఆముదం రాస్తె మంచు మీద ఇంక మంచిగ జారుతయేమో."

"అరె, వకీలు తెలివే దీనిది!" అని ఎగిరి గంతేశాడు. ప్రయాణం దాకా ఆ పలకలకు రోజూ ఆముదం తాగించాం. పొద్దు గూకే వేళకు దుకాణం వెనక అరుగు మీద అట్లాసు పరుచుకునేవాళ్లం. జనగామ నుంచి కాజీపేట, అక్కడ ఢిల్లీ బండి, తర్వాత కాల్కా, ఆపైన కొండెక్కే చిన్న రైలు. నేను కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. ఆ చలికాలం లూధియానా నుంచి నాకొక ఎర్ర స్వెట్టరు తెచ్చాడు. "తెల్లటి మంచుల తప్పిపోయినవనుకో, ఎర్రగుంటె దొరుకబట్టుకుంట" అన్నాడు.

శివరాత్రి వెళ్లింది. నాయినమ్మ సకినాలు చేసింది, అమ్మ సర్వపిండి మూట కట్టింది. ట్రంకు పెట్టె అమ్మే సర్దింది, నన్ను ముట్టనివ్వలేదు. స్టేషనుకు ఇంటిల్లిపాదీ వచ్చారు. బాపు కూడా దుకాణం వదిలి వచ్చాడు. నాకోసమే వచ్చాడని మురిసిపోయాను. ప్యాసింజరు వచ్చి నిలబడింది. సామాను ఎక్కించారు, పలకలు ఎక్కించారు, అన్న ఎక్కాడు, బావ ఎక్కాడు. నేను మెట్టు మీద కాలు పెట్టబోతుంటే చిన్నబాపు ఇత్తడి మరచెంబు నా చేతిలో పెట్టాడు.

"బిడ్డా, జర నీళ్లు నింపుకరాపో. కాజీపేటల నీళ్లు మంచిగుండయి."

నల్లా ప్లాట్‌ఫారం ఆ చివర ఉంది. ఉరికాను. చెంబు నింపి, దారిలో ఒలకకూడదని మూత గట్టిగా బిగించాను. కూత వినబడింది. తిరిగి చూస్తే బండి కదులుతోంది. నీళ్ల చెంబు రొమ్ముకు పట్టుకుని ఉరికాను. పెట్టె తలుపు దగ్గరికి వచ్చేసరికి అన్న కిందికి వంగి చెయ్యి చాపాడు. అందేదే. చిన్నబాపు వెనకనుంచి వాడి భుజం పట్టి లోపలికి గుంజాడు. నా వైపు చూడలేదు. పోయే వైపూ చూడలేదు. తన కాళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

అమ్మ వచ్చి నా రెక్క పట్టుకుంది. "పాయె తియ్యి బిడ్డ. వయసుకొచ్చిన పిల్లవు, బావ గూడ ఉండె. లోకం ఏమంటది? మీ బాపు ఎప్పుడో వద్దన్నడు. నీకు నేనే చెప్పుత అన్నడు మీ చిన్నబాపు. చెప్పలేకపాయె."

నాకు తప్ప పెద్దవాళ్లందరికీ తెలుసు. నాయినమ్మకు తెలుసు, సకినాలు చేస్తూ తెలుసు. ఇంటికొచ్చి చూస్తే ఎర్ర స్వెట్టరు దండెం మీద మడత పెట్టి ఉంది. పెట్టెలో నా గుడ్డపేలిక ఒక్కటీ పెట్టలేదు.

బాపు మీద నాకు కోపం రాలేదు. ఆయన ఎప్పుడూ వద్దనేవాడే, ఆయన దగ్గర నేను ఆశ పెట్టుకున్నదీ లేదు. ఔనన్నవాడు చేసిన మోసం ఇది. బాపు మాట దాటలేకపోతే దాటలేకపోయాడు, ఊక కుప్ప మీద నిలబెట్టి ఒక్క మాట చెబితే ఏడ్చి ఊరుకునేదాన్ని. రోజుల తరబడి నాతో ఆముదం రాయించుకుంటూ కూర్చున్నాడే! నన్ను నీళ్లకు పంపి దొంగలాగా వెళ్లాడే! ఇప్పుడు రాస్తున్నా ఒళ్లు మండుతుంది.

వాళ్లు తిరిగొచ్చాక అన్న చెప్పాడు. మంచు మీద పలకలు పెట్టగానే ఆముదం బంకలాగా గడ్డకట్టి, మంచు ముద్దలు ముద్దలుగా అంటుకుని, ఒక్క అడుగు జారలేదట. పక్కన జారేవాళ్లు ఆగి మరీ నవ్వారట. అన్నకు సిగ్గేసి, ఇది చెల్లె తెలివి అన్నాడట. చిన్నబాపు వాడిని కసిరి, "అది ఉంటె గీడ గూడ ఏదో ఉపాయం చేసేది" అన్నాడట. పోయేటప్పుడు కాజీపేట దాకా చిన్నబాపు దూపైతున్నా నీళ్లు ముట్టలేదని కూడా చెప్పాడు.

"దూపైతె నాకేంది?" అన్నాను.

నాకోసం తెచ్చిన శాలువా మడత విప్పకుండా ఆయన భార్యకు, మా చిన్నమ్మకు ఇచ్చేశాను. చిన్నబాపు తప్పయిందని అనలేదు, ఫలానా అందుకు చేశానని అనలేదు. ఆ ఒక్క మాట కోసం నేను ఎదురుచూడటం అప్పుడే మొదలైంది.

ఆయన చేసిన మేలు కూడా చెప్తాను, దాచుకుంటే పాపం. టీచరు ట్రైనింగుకు పోతానంటే ఇంట్లో మళ్లీ ఆడపిల్ల, లోకం అన్నారు. ఈసారి చిన్నబాపు గద్దె ముందుకు వెళ్లి నిలబడ్డాడు. "అన్నా, ఒక్కసారి నీ మాట ఇన్న. మళ్ల ఇన" అన్నాడు. బాపుకు ఎదురు చెప్పడం ఆయన జన్మలో అదే మొదలు, అదే ఆఖరు. వరంగల్లుకు నన్ను తానే తీసుకుపోయాడు. రైలు రాగానే నన్ను ముందు ఎక్కించి, నేను కూర్చునేదాకా కింద నిలబడి, బండి కదిలాక ఉరికి ఎక్కాడు. ఆ తర్వాత ఎప్పుడు ఎక్కడికి పోయినా అంతే. దంతాలపల్లిలో నాకు మొదటి ఉద్యోగం వస్తే బస్సులో కుర్చీ పట్టుకొచ్చి, బడిలో నా బల్ల వెనక వేసి చూసుకున్నాడు. పిల్లలతో, "మీ టీచరమ్మ గుట్టమీదికెళ్లి జారుతది, తెలుసా?" అన్నాడు. పిల్లలు నోళ్లు తెరిచారు. నేను నవ్వలేదు.

ఒక్కటి మాత్రం ఆయన మానేశాడు. నన్ను నీళ్లు అడగడం. నా పెళ్లయి మానుకోటకు వచ్చాక ఆ మరచెంబు కూడా నాతోనే వచ్చింది. ఆయన ఎండలో వచ్చి కూర్చుంటే కావాలనే దాన్లోనే నీళ్లు తెచ్చి ముందు పెట్టేదాన్ని. "వద్దు బిడ్డ, దూప లేదు" అనేవాడు. నేను వంటింట్లోకి పోగానే లేచి, బిందెలోంచి తానే ముంచుకుని తాగేవాడు. గ్లాసు చప్పుడు వినబడేది. ఇన్నేళ్లూ ఇదే తంతు.

పోయే ముందు వారం కబురు లేకుండా మా ఇంటికి దిగాడు. మనిషి సగమయ్యాడు. అరుగు మీద కూర్చుని "బిడ్డా" అన్నాడు. "ఏంది చిన్నబాపూ?" అని పక్కనే కూర్చున్నాను. వీధిలోకి చూశాడు. "ఏం లేదు, ఈసారి మీ చెరువు నిండిందా?" అన్నాడు. నిండిందన్నాను. మర్నాడు ఛాతీలో నొప్పని దవాఖానలో చేర్చాం. చిన్నమ్మ, అన్న జనగామ నుంచి వచ్చారు.

సోమవారం పొద్దున నేనొక్కదాన్నే మంచం పక్కన ఉన్నాను. చిన్నమ్మ వరండాలో అన్నతో మాట్లాడుతోంది. చిన్నబాపు కళ్లు తెరిచి, నేను ఇంటి నుంచి తెచ్చి బల్ల మీద పెట్టిన ఖాళీ మరచెంబు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఈసారి కిందికి చూడలేదు.

"బిడ్డా, జర నీళ్లు తెస్తవా?"

ఇన్నేళ్లకు అడిగాడు. నీళ్లు తాగి ఆ మాట చెప్తాడు, ఖాయంగా చెప్తాడు అనుకున్నాను. నేనేమనాలో కూడా అనుకున్నాను. పోనీ తియ్యి చిన్నబాపూ, చిన్నతనం సంగతి అనాలనుకున్నాను. చెంబు తీసుకుని నల్లా దగ్గరికి దాదాపు ఉరికాను. నింపాను, మూత బిగించాను, తిరిగి వచ్చాను. తలుపు దగ్గర ఉండగానే చిన్నమ్మ ఏడుపు వినబడింది. నర్సు ఆయన చెయ్యి మంచం మీద పెడుతోంది.

అన్న నా వైపు తిరిగి, నా చేతిలో చెంబు చూసి, ముఖం తిప్పుకున్నాడు. వాడికి గుర్తొచ్చిందని నాకు తెలిసింది. ఎవరో తులసి నీళ్లు తెచ్చారు. అందరూ ఆయన పెదాల మీద పోశారు. నన్ను రమ్మన్నారు. నేను పోలేదు.

మళ్లీ అదే చేశావు కదా చిన్నబాపూ.

వచ్చినవాళ్లు పోయారు, ఇల్లు సద్దుమణిగింది. మరచెంబు వంటింటి కిటికీలో ఉంది. మా ఆయన కడిగి పెడతానంటే వద్దన్నాను. పొద్దున్నే పాలు కాచేటప్పుడు ఒకసారి దాన్ని చేతిలోకి తీసుకుంటాను. కదిపితే లోపల నీళ్లు చప్పుడవుతాయి. మూత నేను బిగించినట్టే ఉంది.