టి, హెచ్, ఈ, ఆర్ ఉన్న మాటలు

నేను ఇంగ్లీషు మాటలు వేలకొద్దీ రాశాను. ఒక్కదానికి తప్ప దేనికీ అర్థం తెలియదు. ఎనభై ఏళ్ళు దగ్గర పడినా ఈ సంగతి తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

నా భర్త నాందేడ్‌లో మిడిల్ స్కూలు మాస్టరు. బడిలో ఉర్దూ, బజారులో మరాఠీ, ఇంట్లో మా తెలుగు. ఇంగ్లీషు మాత్రం ఆయన ఒక్కడి సొత్తు. బొంబాయి నుంచి వారం వారం వచ్చే ఇంగ్లీషు పత్రికలో మాటల పోటీ ఉండేది. వాళ్ళు కొన్ని అక్షరాలు ఇస్తారు. ఆ అక్షరాలు వరుసగా ఉన్న మాటలు ఎక్కువ ఏరి పంపినవారికి బహుమతి, పైగా పత్రికలో పేరు. పేరు మీద ఆయనకు మహా మోజు, డిక్షనరీ మొత్తం వెతికే ఓపిక మాత్రం లేదు. అందుకని పదహారేళ్ళ నన్ను కూర్చోబెట్టి ఇరవై ఆరు అక్షరాలూ నేర్పాడు.

నేను పొంగిపోయాను. ధర్మాబాద్ దగ్గరి మా ఊళ్ళో ఆడపిల్లను పలక ముట్టనిచ్చేవాళ్ళు కారు. నాకు ఇంగ్లీషు నేర్పుతున్నారని తెలిసి మా అమ్మ, మా వైపు మాటలో అవ్వ, వాడంతా తిరిగి చెప్పుకుందట. నెల తిరిగేసరికి అక్షరాలు పట్టుబడ్డాయి. ఒకనాడు ఒక మాట మీద వేలు పెట్టి దీనికి అర్థం ఏమిటని అడిగాను.

"అర్థాలు నీకెందుకే? అక్షరాలు సూడు, సాలు. అర్థం అడుక్కుంట కూసుంటె పేజీ ఎప్పుడు తిరగాలె?" అన్నాడు.

అత్తమ్మ చేటలో బియ్యం ఏరుతుంటే పక్కన నేను డిక్షనరీలో మాటలు ఏరేదాన్ని. మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా వేలు జరుపుకుంటూ పోవడం, దొరికిన మాటను పెద్ద అక్షరాల్లో కాగితం మీద ఎక్కించడం, అంతే పని. కింద సంతకం ఆయనది.

ఆ ఎండాకాలం టి, హెచ్, ఈ, ఆర్ వచ్చాయి. నాలుగూ పక్కపక్కనే ఉండాలి. వరుసగా పదకొండు మధ్యాహ్నాలు కూర్చుని నాలుగు కాగితాలు నింపాను. చివరి కాగితం చేతికి ఇవ్వకుండా వెనక్కి పట్టుకుని, "ఈసారి గెలిస్తె అర్థాలు నేర్పాలె" అన్నాను.

"గెలిస్తె నేర్పుత. మాట ఇస్తున్న, తియ్యి. గెలిస్తె బొంబాయి నుంచి తార్ అస్తది. అది మాత్రం ఎవ్వలకు సూపియ్యకు. దిష్టి తాకుతది."

తార్ అంటే టెలిగ్రాం. జాబితా పంపిన మూడో వారం ఆయన పరీక్షల పని మీద పర్భణీ వెళ్ళాడు. మర్నాడు పొద్దున తార్ వచ్చింది. అది చూడగానే అత్తమ్మ గుండె బాదుకుంది.

"ఎవలు పోయిండ్రే?"

"ఎవ్వలు పోలేదు అత్తమ్మా. మన బహుమానం అచ్చింది" అన్నాను నవ్వుతూ.

కాగితంలో నాలుగే మాటలున్నాయి. మొదటిదే నా మాట. ఎం, ఓ, ఆ తర్వాత మన నాలుగు అక్షరాలు. మూడో కాగితంలో నా చేత్తో రాసుకున్నదే. నా మాట బొంబాయి దాకా పోయి తిరిగి వచ్చిందని కళ్ళకద్దుకున్నాను.

శనగపప్పు ఉడకేసి, బెల్లం, యాలకులు కలిపి బచ్చాలు, అంటే బొబ్బట్లు, చేశాను. పక్కింట్లో ఉండే రైల్వే టికెట్ బాబుకు ఇంగ్లీషు వచ్చు. గోడ మీదుగా ఆయన భార్యకు వేడివేడిగా నాలుగు అందించాను. "కాయ్ విశేష్?" అని మరాఠీలో విశేషం అడిగింది. దిష్టి గుర్తొచ్చి ఏమీ చెప్పకుండా నవ్వి ఊరుకున్నాను. సాయంత్రం ధర్మాబాద్ వైపు పోయే బండి కూత వేసినప్పుడు పెనం మీద బచ్చం తిరగేస్తున్నాను.

ఆయన మరుసటి రోజు మధ్యాహ్నం వచ్చాడు. పళ్ళెంలో రెండు బచ్చాలు, వాటి పక్కన తార్ పెట్టి ముందుకు జరిపాను. చదివి, పళ్ళెం పక్కకు నెట్టాడు.

"మీ అవ్వకు పాణం బాగలేదట. ఎంటనే రమ్మని మీ అన్న తార్ ఇచ్చిండు. నిన్న అచ్చిందా ఇది? ఎవలతోనన్న సదివియ్యకపోయినవ్?"

ఆ మాటకు ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది.

సాయంత్రం బండికి వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. అమ్మ ముందు రాత్రే పోయింది. పొద్దున్నే దహనం చేశారు.

"నిన్న మాపటి బండికి అస్తవని టేషన్‌కు ఎడ్ల కచ్చరం పంపిన. ఒట్టిగనే అచ్చింది. 'ఇంగిలీసు సదివిన బిడ్డ, తార్ సూడంగనే అస్తది' అనుకుంటనే అవ్వ పోయింది" అన్నాడు అన్న. నా వేళ్ళకు ఇంకా యాలకుల వాసన పోలేదు.

దినాలు చేసుకుని నాందేడ్ వచ్చాను. బహుమతి ఎవరికో వచ్చింది. ఆయన పోటీల ఊసెత్తడం మానేశాడు. ఒకరోజు డిక్షనరీ తెచ్చి నా ముందు తెరిచిపెట్టి, నేల చూపులు చూస్తూ, "రోజుకు పది మాటలు. అర్థాలు చెప్త, రాసుకో" అన్నాడు.

పెట్టెలోంచి తార్ తీసి, మొదటి మాట మీద వేలు పెట్టాను.

"దీనికి అర్థం ఏంది?"

"అవ్వ" అన్నాడాయన.

"సాలు" అని డిక్షనరీ మూసి ఆయన చేతిలో పెట్టాను.