బంతిగింజ ఎగరదు

పాప బడికి వెళ్లే దారిలో రైలు గేటు ఉంది. ఇంట్లోంచి ఎంత ముందు బయల్దేరినా మమ్మల్ని చూసే పడినట్టు పడుతుంది. గేటు పడిందంటే నాకు కంగారు మొదలవుతుంది. బడిలో ప్రార్థన అయిపోతుందేమో, పక్కన ఆగిన లారీ పొగ పాప పీలుస్తుందేమో, నా స్కూటీ మీద ముందు నిలబడ్డది హ్యాండిల్ వదిలేసి పడిపోతుందేమో అని.

కిందటేడు ఎల్‌కేజీలో వేసిన కొత్తలో, నా కంగారు దానికి అంటకూడదని గేటు దగ్గర ఆగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేదాన్ని. పట్టాల పక్కన కంకర మధ్య గడ్డి చామంతి బాగా మొలిచి ఉండేది. సన్నటి పొడవాటి కాడ, చివర పసుపు బొట్టంత పువ్వు, చుట్టూ పాలిపోయిన రెక్కలు. ముదిరితే ఆ పువ్వే బూడిదరంగు దూదిలా విచ్చుకుంటుంది. ఒకటి తుంచి ఇచ్చి ఊదమన్నాను. పాప ఊదింది. ఎగిరినవి కొన్ని లారీ కిందకి, కొన్ని పట్టాల మీదకి, ఒకటి మాత్రం ముందున్న బైకతని చొక్కా మీదకి వెళ్లాయి.

వాటికి గొడుగులున్నాయనీ, ఒక్కో గొడుగు కింద ఒక్కో గింజ ఉందనీ చెప్పాను. ఎక్కడికెళ్తాయని అడిగింది. గాలి ఎక్కడ దింపితే అక్కడికి అన్నాను.

"మరి వాళ్లమ్మ తిట్టదా?"

ఆరోజు నవ్వేశాను. ఇంటికొచ్చి మా ఆయనకి కూడా చెప్పి నవ్వాను.

నేను బాపట్లలో డిగ్రీ చదివాను, బోటనీ. ఆ చదువు ఉద్యోగానికి పనికిరాలేదు గానీ, పిల్లకి చెప్పడానికి పనికొచ్చిందని అప్పట్లో మురిసిపోయాను. మనం ఒక పువ్వు అనుకునేది ఈ జాతిలో ఒక పువ్వు కాదనీ, నడుమ కనిపించే ప్రతి పసుపు చుక్కా ఒక పువ్వేననీ, అంచున ఉన్న ప్రతి రెక్కా ఒక పువ్వేననీ చెప్పాను. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, పొలం గట్ల మీది గుంటగలగర, ఖాళీ స్థలాల్లో మొలిచే వయ్యారిభామ, అన్నీ ఒకటే కుటుంబం అన్నాను. కుటుంబం అంటే దానికి అర్థం కాలేదు. నీకూ నాన్నకీ ఇంటిపేరు ఒకటే కదా, వీటన్నిటికీ కూడా ఇంటిపేరు ఒకటే అన్నాను.

"మరి నీకు?"

"పెళ్లయ్యాక నాకూ అదే."

"అమ్మమ్మకి?"

అమ్మమ్మది వేరే అన్నాను. అంతలో గేటు లేచింది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరి గుణం ఒకటి కాదని చెప్పడం మిగిలిపోయింది. గడ్డి చామంతి గాలిని నమ్ముకుంటుంది. గలగర గింజలు పొలం నీటి మీద తేలి పోతాయి. వయ్యారిభామ గింజలు బురదలో కలిసి, బండి టైర్లకి అంటుకుని ఊళ్లు దాటతాయి. మరులమాతంగికైతే కాయనిండా కొక్కేలే. బాపట్లలో చదివేటప్పుడు మొక్కలు చూడ్డానికి సముద్రం వైపు తీసుకెళ్లారు. దారిలో గుంటలన్నీ అదే మొక్క. ఆ శనివారం ఆ కాయలంటుకున్న చున్నీతోనే రైలెక్కి, తెనాలిలో బండి మారి, రేపల్లెలో దిగాను. వాకిట్లో నన్ను చూడగానే అమ్మ ఆ చున్నీ లాక్కుని, కాయలు ఒక్కొక్కటే పీకి పొయ్యిలో వేసింది. "ఏంటే ఇది, బాపట్లంతా మోసుకొచ్చావు," అంది.

బంతికి మాత్రం ఇవేవీ లేవు. దాని గింజ సన్నగా, నల్లగా, పుల్లలా ఉంటుంది. కొసన రెండు మూడు పొలుసులున్నా అవి ఎగరడానికి చాలవు. ఎవరూ ముట్టుకోకపోతే తల్లి కాళ్ల దగ్గరే రాలిపోతుంది. అది దూరం వెళ్లాలంటే మనిషి చెయ్యి కావాలి.

మా ఇంట్లో ఆ చెయ్యి అమ్మది. రేపల్లెలో మా పెరట్లో ఉండేది రెక్కబంతి. బజారులో అమ్మే ముద్దబంతిలా నిండుగా ఉండదు. ఒకే వరస రెక్కలు, ఎండిన మిరపకాయ రంగు, అంచు మాత్రం పసుపు. అమ్మ ఎప్పుడూ విత్తనాలు దాచలేదు. దసరాకి గుమ్మానికి కట్టిన దండ అక్కడే ఎండేది. కొత్త దండ కట్టే రోజు పాతది తీసి, రెండు అరచేతుల మధ్య నులిమి, పెరట్లో జల్లేది. అంతే. నగరం అనే ఊరి పక్కన వాళ్ల పుట్టింటి నుంచి రేపల్లె కాపరానికి వచ్చేటప్పుడు కూడా మా అమ్మమ్మ ఇంటి గుమ్మానికున్న ఎండు దండనే చీరల మధ్య పెట్టుకుని తెచ్చిందట.

కిందటేడు దసరాకి అమ్మ ఆ పూలు తనే గుచ్చి, తడిగుడ్డలో చుట్టి, రైల్లో తెనాలి తెచ్చి మా గుమ్మానికి కట్టింది. మాది మేడమీద అద్దె వాటా, మట్టి అన్నది లేదు. కుండీల్లో జల్లుకోమంది. సరేనన్నాను.

ఆ తర్వాత తుపాను వచ్చింది. రేపల్లెలో పెరడు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. బంతి మొక్కలు నిలబడినచోటే కుళ్లాయి. నీళ్లు తీశాక నాన్న ఇక ఈ బాధ పడలేనని పెరడంతా మెరక చేయించాడు. టిప్పర్లతో తోలిన మట్టి కింద రాలిన గింజలు కూడా పోయాయి. అమ్మ ఫోన్ చేసింది. "మీ గుమ్మానికి ఉందిగా. అది జాగ్రత్త," అంది.

జాగ్రత్త అన్న మాట నా చెవిన పడితే ఏమవుతుందో అమ్మకి తెలిసి ఉండాల్సింది.

ఆ చలికాలమే పాపకి పిల్లికూతలు పట్టుకున్నాయి. దుమ్ముకి దూరంగా ఉంచమన్నారు డాక్టరు గారు. నేను దుమ్ముకి, మంచుకి, పిల్లికి, ఐస్‌క్రీముకి, పక్కవాటా అగరొత్తులకి కూడా దూరంగా ఉంచాను. ఒకరోజు వంటింట్లోంచి వచ్చేసరికి పాప కుర్చీ ఎక్కి, దండలో అందినంత మేర ఎండుపూలు తుంచుకుని, అరచేతిలో నులిమి, బుగ్గలు పొంగించి ఊదుతోంది. ఆ పొడి దాని మొహం మీదే పడుతోంది. ఎంత ఊదినా గింజ ఎగరడం లేదు. అదే ఇంటిపేరు కదా, ఎందుకు ఎగరదని దాని పట్టుదల.

అంత పొడి ఊపిరిలోకి పోతే ఆ రాత్రి గడిచేదెలా అని తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. చెయ్యి మీద గట్టిగా కొట్టాను. ఉన్న ఒక్క దండా పాడుచేశావని అరిచాను. అమ్మమ్మవి పారేస్తావా అన్నాను. దాని గౌను జేబు ఉబ్బెత్తుగా ఉండటం చూశాను గానీ అందులో ఏముందో చూడలేదు. నెబ్యులైజర్ కోసం వెతుకుతున్నాను. ఆ రాత్రి దానికి ఆయాసం రాలేదు.

మిగిలిన దండ అప్పుడే విప్పి, ప్లాస్టిక్ కవర్లో వేసి, ముడేసి, స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి పై అరలో దాచాను. మంచు పట్టే రోజులు. దండ పైకి గలగలలాడుతున్నా పూల లోపల చెమ్మ ఉండే ఉంటుంది. ఆరబెట్టి దాచాలని నాకు తెలియక కాదు. ఆరబెడితే పిచ్చుకలు తింటాయని, గాలికి పోతాయని, పాప మళ్లీ ముట్టుకుంటుందని భయం.

ఈ ఏడు వానలు పడ్డాక కుండీల్లో మట్టి నింపి డబ్బా తీశాను. కవరు లోపలంతా బూజు. పూలు ముద్దకట్టి, ముట్టుకుంటే చేతికి అంటాయి. అయినా కాస్త బాగున్నవి ఏరి జల్లాను. కుండీల్లో గడ్డి మొలిచింది, ఎక్కణ్ణించో ఎగిరొచ్చిన గడ్డి చామంతి కూడా ఒకటి మొలిచింది. బంతి మొలవలేదు.

అమ్మకి చెప్పక తప్పలేదు. "పోతే పోయిందిలే, బంతి ఎక్కడైనా దొరుకుద్ది," అంది. రెక్కబంతి ఎక్కడైనా దొరకదని మా ఇద్దరికీ తెలుసు. తర్వాత ఏదో మాటల్లో పాప కుర్చీ ఎక్కి ఊదిన సంగతి చెబితే, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"అయితే అదేమన్నా జల్లిందేమో అడగవే."

అప్పుడు గుర్తొచ్చింది ఆ గౌను జేబు.

పాపని పక్కన కూర్చోబెట్టుకుని, వీలైనంత మెల్లగా అడిగాను. అప్పుడు నీ జేబులో అమ్మమ్మ పూలున్నాయి కదా, ఎక్కడ వేశావు అని. దాని చేతులు రెండూ వీపు వెనక్కి వెళ్లిపోయాయి.

"నేను పారెయ్యలేదు."

పారేశావని కాదమ్మా, ఎక్కడ వేశావో చెబితే చాలు అన్నాను. పారెయ్యలేదంది. కొట్టనన్నాను. పారెయ్యలేదంది. చాక్లెట్ ఇస్తానన్నాను, అది ఇంకా తప్పయింది. అంత చిన్న మొహంలో అంత గట్టి తలుపు ఎప్పుడు బిగించుకుందో నేను గమనించలేదు. వాళ్ల నాన్న అడిగితే నిద్రొస్తోందని పడుకుంది. ఇక అడగడం మానేశాను. మానేశాను గానీ, రోడ్డు పక్కన ఏ మూల పచ్చగా కనిపించినా స్కూటీ దానంతటదే నెమ్మదిస్తుంది.

మొన్న గేటు పడింది. ఎప్పుడూ ఆగే చోట లారీ ఉంటే, కాస్త ఎడంగా గేటు స్తంభం పక్కకి జరిగి ఆపాను. స్తంభం మొదట్లో, విరిగిన సిమెంటు దిమ్మ అంచున, మోకాలెత్తు మొక్క ఒకటి. దువ్వెన పళ్లలా చీలిన ఆకులు. కొసల్లో ఇంకా విచ్చని మొగ్గలు. దిగి ఒక ఆకు నలిపితే వాసన చెప్పేస్తుంది బంతో కాదో. బంతే అయినా, ఏ గుమ్మం నుంచి తీసి పారేసిన దండలోదో, ఏ బండి మీంచి రాలిందో, విచ్చేదాకా రెక్కబంతి అని అనుకోవడానికి లేదు. ఇలా ఆలోచిస్తూ ఆ మొక్కనే చూస్తున్నాను. పాప నా ముందు నిలబడి ఉంది. హ్యాండిల్ మీద దాని వేళ్లు బిగుసుకున్నాయి.

వెనక్కి తిరగకుండానే అంది, "నేను కాదమ్మా."

నేనింకా ఏమీ అడగలేదు.

ఏదో ఒకటి అనాలి. ఏమన్నా అది అడిగినట్టే ఉంటుంది. రైలు వెళ్లిపోయింది, గేటు లేచింది, వెనకాల హారన్లు మొదలయ్యాయి. "ఆ మొక్క బాగుంది," అన్నాను. బడి దగ్గర దిగాక రోజూ చెయ్యి ఊపే పిల్ల, ఆ రోజు ఊపకుండానే లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది. ఊపిరి మామూలుగానే ఉంది, రాస్తూ రాస్తూ మధ్యలో చెవి పెట్టి వింటున్నాను. రోజూ ఆ స్తంభం పక్కనే ఆపుతున్నాను. మొగ్గల్లో ఒకదానికి ఎరుపు కనిపిస్తోంది. అమ్మకి ఇంకా చెప్పలేదు. పాప తనంతట తను చెప్పాక చెబుదామని.