తెగిన పోగు

షాంఘై శివార్లలోని బట్టల మిల్లు మూతపడి, కుర్ర కళాకారుల ప్రదర్శనశాలగా మారాక కూడా గ్వేచన్ ఉదయం ఏడింటికే అక్కడుంటుంది. అరవై రెండేళ్ల మనిషి. ముంజేతులకు నీలిగుడ్డ తొడుగులు, చేతిలో టీ ఆకులు తేలే గాజుసీసా. ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో బతికింది కనుక మెల్లిగా మాట్లాడడం చేతకాదు, "గోడ ముట్టుకోకండి!" అని ఆమె అంటే హాలంతా ఉలిక్కిపడుతుంది. కాపలాకు కుర్చీ ఇచ్చినా కూర్చోదు. ఒకప్పుడు మగ్గాల వరుస ఉన్నచోటే ఇటు పదడుగులు, అటు పదడుగులు నడుస్తూ ఉంటుంది.

ఈ నెల లూ మెంగ్ అనే అమ్మాయి కంప్యూటరుతో చేసిన బొమ్మ పెట్టారు. చీకటి గోడ మీద వేల వెలుగు పోగులు మగ్గం మీది పడుగులా జారుతుంటాయి. మనిషి దగ్గరికొస్తే ఒకటి పుటుక్కున తెగుతుంది. జనం సరదాగా తెంపి వెళ్లిపోతారు. మొదటిరోజే, ఒక పోగు తెగగానే గ్వేచన్ గబగబా వెళ్లి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గోడ మీద ముడి మెలిపెట్టింది.

"ముట్టుకోవద్దని అరిచేది మీరే కదా పిన్నీ!" అని నవ్వింది మెంగ్.

"పోగు తెగితే చూస్తూ ఊరుకోమంటావా?"

"అది వట్టి వెలుగు పిన్నీ."

"నాకు తెలీదూ? చేతికి తెలియాలిగా!"

మెంగ్ నవ్వు ఆగింది. "మీ మగ్గం ఇక్కడే ఉండేదా?"

"నువ్వు నిలబడ్డ చోటే. పదిహేడో నంబరు."

మెంగ్ చప్పున పక్కకు జరిగింది. "రేపట్నుంచి పోగులు తెగకుండా మార్చెయ్యనా?"

"వద్దమ్మాయ్, తెగనీ." గ్వేచన్ మొదటిసారి గొంతు తగ్గించింది. "తెగకపోతే ఇక్కడ నాకేం పని?"