తలుపు పక్క గోడ

మా మామగారు ఇళ్లకు రంగులు వేసే మనిషి. ఆయన చెయ్యి పడితే గోడ అద్దంలా మెరిసేది. ఆ పొగరు కూడా దండిగానే ఉండేది. మొదటిసారి మా పుట్టింటికి వచ్చినప్పుడు నన్ను పలకరించకముందే గోడల్ని చూసి పెదవి విరిచిన ఘనుడు.

నేను ఆస్పత్రిలో, రేడియోధార్మిక మందులు కలిపే గదిలో పనిచేస్తాను. రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని ఎక్కడ మందు అంటుకుందో చూడడం నా పని. ఆ గోడలకు పూత వేసే పని మామగారికి నేనే ఇప్పించాను. అది మామూలు రంగు కాదు. ఆరాక రబ్బరు పొరలా సాగుతుంది. మందు ఒలికితే పొరను ఒలిచి పారేస్తే సరి, సిమెంటుకు ఏమీ అంటదు. అందుకే ముద్దగా, మందంగా వెయ్యాలి. పల్చబడితే మందు గోడలోకి ఇంకిపోతుంది.

"ఇదేం పూతమ్మా, గేదెకు బురద పూసినట్టు" అని గొణుక్కుంటూనే వేశారు.

మొన్న ఒక సీసా జారి పగిలి, మందు తలుపు పక్క గోడ మీద చిందింది. లోపలికి ఇంకితే సిమెంటు చెక్కాలి, గది మూసెయ్యాలి, మామగారి పని పోతుంది. పొర ఒలవడానికి ఆయన్నే పిలిచారు. ఇద్దరం గ్లౌజులు, మాస్కులు తొడుక్కుని లోపలికి వెళ్లాం. ఈ పనులు చూసే ఆస్పత్రి ఇంజనీరు గాజు కిటికీ అవతల నిలబడ్డాడు.

మొదట పొర చక్కగా ఊడివచ్చింది. తలుపు దగ్గరికి రాగానే మామగారి చెయ్యి నెమ్మదించింది. అక్కడ పూత నున్నగా, ముచ్చటగా ఉంది. వచ్చేపోయేవాళ్ల కళ్లు పడే చోటు కదా అని, ఈ మహానుభావుడు ఇళ్లకు వేసినట్టే పల్చగా లాగేశారు. పట్టుకోగానే చిరిగింది.

మీటరు పెట్టాను. టకటకా ఒకటే మోత. తుడిచి మళ్లీ పెట్టినా తగ్గలేదు.

"ఎంతుందండీ?" ఇంజనీరు అడిగాడు.

మామగారు నా వైపు చూశారు. "చెప్పమ్మా. గట్టిగా చెప్పు."

ఆయన ముఖం చూడలేక, మీటరునే చూస్తూ చెప్పాను.

"డబ్బాలో సరుకే పాడయిందేమో?" అన్నాడు ఇంజనీరు. మామగారు ఊ అంటే చాలు, గండం గడుస్తుంది. అనమని మనసులోనే బతిమాలుకున్నాను.

"సరుకు మంచిదే. నేనే పల్చగా వేశాను, అందంగా ఉంటుందని."

"రేపట్నుంచి వేరేవాళ్లని చూసుకుంటాం" అన్నాడు ఇంజనీరు.

మామగారు తలూపి, చిరిగిన పొరను సంచిలో వేసి మూతి కట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకోబోతే ఆయన చటుక్కున మోచేత్తో నా చేతిని అడ్డుకున్నారు.

"గ్లౌజు ముఖానికి తగలనివ్వకు తల్లీ" అన్నారు.