డబ్బా యాంటెన్నా ముందు గుమ్మడికాయ

2021 వానాకాలం. మంథనిలో డిష్‌లు బిగిస్తూ, వైఫై రిపేర్లు చేస్తూ నాకప్పటికే చాలా ఏళ్లయింది. ఒక ఉదయం, ఊరికి దూరంగా పొలాల నడుమ ఉండే రాజవ్వ నా దుకాణానికి వచ్చింది.

"తమ్మీ, మా బిడ్డకు రేపు ఇంటర్వ్యూ ఉన్నది. ఇంట్ల కూసుండి చేసే కొలువట. మా తానేమో నెట్ రాదు. జర ఏమన్న జెయ్యి."

ఆమె కూతురు శిరీష చంకకర్రల మీద నడుస్తుంది. రోజూ బస్సెక్కి పెద్దపల్లి పోయి రావడం ఆమె వల్ల కాదు. అందుకే ఆ ఉద్యోగం మీదే ఆశలన్నీ పెట్టుకుంది. ఇంటర్వ్యూ కూడా వీడియోలోనే.

అంత దూరం వైరు లాగే వీలు లేదు. అయితే ఊరి అంచున రాజవ్వ తమ్ముడి ఇంట్లో నెట్ ఉంది. వాళ్ల డాబా ఎక్కితే పొలాల మీదుగా రాజవ్వ ఇల్లు కనిపిస్తుంది. మా పనిలో దీన్నే లైన్ ఆఫ్ సైట్ అంటాం. రెండు యాంటెన్నాల మధ్య అడ్డేమీ ఉండకూడదు. కొత్త యాంటెన్నాలు తెప్పించే వ్యవధి లేక, రెండు ఖాళీ పాలపొడి డబ్బాలు తీసుకున్నాను. ఒక్కోదానికి పక్కన బెజ్జం పెట్టి, కనెక్టర్ బిగించి, లోపల చిన్న రాగి తీగ ముక్క నిలబెట్టాను. డబ్బా మూతి ఎటుంటే సిగ్నల్ అటే పోతుంది. రెండిళ్ల డాబాల మీదా ఒక్కోటి ఎదురెదురుగా గొట్టాలకు బిగించి రౌటర్లకు కలిపాను. సాయంత్రానికి శిరీష ఫోన్లో వీడియో ఆగకుండా ఆడింది. నేను కాలరెగరేసుకుంటూ ఇంటికి పోయాను.

పొద్దున్నే శిరీష ఫోన్. "అన్నా, పరేషాన్ అయితున్న. నెట్ మొత్తమే వస్తలేదు. ఇంక గంటకే ఇంటర్వ్యూ."

"డబ్బాను ఎవలన్న కదిలిచ్చిన్రా?"

"ఎవ్వలు ముట్టలే."

బండి మీద రాజవ్వ ఇంటికి ఉరికాను. కింద రౌటర్, వైర్లు అన్నీ బాగానే ఉన్నాయి. డాబా ఎక్కితే, సరిగ్గా డబ్బా మూతికి ఎదురుగా పసుపు కుంకుమలు పూసిన బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది.

"గిదేందక్కా?"

"దిష్టికి, తమ్మీ. పొలాలకు పొయ్యేటోళ్లంత గా డబ్బానే సూస్తున్నరు. నా బిడ్డ కొలువుకు కండ్లు తగులయా? డబ్బానైతే ముట్టలే, ముందట కట్టిన."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వైఫై తరంగాలకు నీళ్లంటే పడదు. గుమ్మడికాయ నిండా నీళ్లే. పంపిన సిగ్నల్‌ను అదే మింగి కూర్చుంది. కోపంగా తాడు విప్పాను. కాయను పక్కన పడేయబోయి రాజవ్వ ముఖం చూశాను. చేతులు జోడించి నిలబడి ఉంది. మనసొప్పక కాయను డబ్బా వెనక వైపు కట్టాను.

"ఎనక కడితే పని చేస్తదా?" అంది అనుమానంగా.

"దిష్టి ఎనక నుంచే తగుల్తదక్కా," అన్నాను. ఆ మాట నాకెలా తోచిందో ఇప్పటికీ తెలియదు.

కింద నుంచి "వచ్చింది" అని శిరీష గొంతు. నేనూ రాజవ్వా మెట్ల మీద కూర్చుని ఆమె సమాధానాలు విన్నాం. మొదట వణికిన గొంతు మెల్లగా కుదురుకుంది. నాకది సొంత చెల్లెలి పరీక్షలానే అనిపించింది. కొన్నాళ్లకు ఉద్యోగం వచ్చింది.

అప్పటి నుంచి ఎవరింట్లో యాంటెన్నా బిగించినా, దిగే ముందు ఒక మాట అడుగుతాను: "దిష్టికేమన్న కడ్తరా?" కడతామంటే, యాంటెన్నా వెనక వైపు కొక్కెం కూడా నేనే బిగించి వస్తాను.