ఒక్కచోట చెబితే చాలు

ఆసుపత్రిలో అందరూ ఆమెను ‘మెల్లగా మేడం’ అనేవారు. చీటీలు రాసే కిటికీ దగ్గర ఆమె ఉద్యోగం. వరసలో నిలబడ్డవాళ్లు జబ్బూ అడ్రసూ పైకి చెప్పబోతే, గాజుపలకకున్న రంధ్రం దగ్గర చెవి పెట్టి, “మెల్లగా చెప్పండి, మీ వెనకవాళ్లకీ చెవులున్నాయి” అనేది.

“నా మూలశంక సంగతి మా ఆవిడకే తెలీదు, వీళ్లకెందుకు చెబుతాను తల్లీ!” అన్నాడొక ముసలాయన. వరసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. తలూపి చీటీ రాసిచ్చింది.

ఇంకో పట్టుదల కూడా ఉండేదామెకు. అడ్రసు అక్షరం పొల్లు పోకుండా ఎక్కించాలి. మందులు పట్టుకుని ఇళ్లకు వెళ్లే నర్సు ఒకసారి ఎవరో ఇంటి నంబరు తప్పు కొట్టినందుకు వీధులన్నీ తిరిగి కాళ్లీడ్చుకుంటూ వెనక్కొచ్చింది. అప్పటినుంచీ ఆ పని ఇంకొకరి చేతిలో పెట్టలేదు.

అందుకే చెల్లెలు మొగుడి దెబ్బలకు తాళలేక, ఉబ్బసంతో ఊపిరి ఈల వేస్తున్న కూతుర్ని చంకనేసుకుని ఊరికి ఈ చివరకొచ్చి దాక్కున్నప్పుడు కూడా, అక్క నిజం అడ్రసే ఎక్కించింది. దర్జీ కొట్టు మీద గది. పాపకు మందు అక్కడికే రావాలి మరి. ఆసుపత్రి మాట ఆసుపత్రి గోడలు దాటదని ఆమె ధైర్యం.

తరవాత కొత్త చట్టం వచ్చింది. ‘ఒక్కచోట చెబితే చాలు’ అని గోడ మీద పెద్ద బొమ్మ అతికించారు. ఉద్యోగులకు పాఠం చెప్పడానికి టై కట్టుకున్న కుర్ర అధికారి వచ్చాడు.

“నీళ్లు, కరెంటు, బడి, ఆసుపత్రి, అన్నీ ఒకే తెర మీద. జనానికి తిరగలేక చచ్చే బాధ తప్పుతుంది” అన్నాడు.

“నీటిపన్ను ఆఫీసులో కూర్చున్నవాళ్లకి మా రోగులు కనబడతారా బాబూ?” అని అడిగిందామె. ఆమె మరిది, అంటే చెల్లెలి మొగుడు, పనిచేసేది అక్కడే.

“జబ్బు కనబడదు మేడం. అడ్రసు, ఇంట్లోవాళ్లు, ఏ విభాగానికి వస్తారు, అంతవరకే. అదీ పనుంటేనే చూడాలి.”

“పనుందో లేదో ఎవరు తేలుస్తారు?”

“చూసినాయనే రాయాలండీ, ఎందుకు చూశాడో.”

“దొంగే వచ్చి సంతకం పెట్టి పోవాలన్నమాట” అన్నాడు వెనకనుంచి కాంపౌండరు. హాలంతా గొల్లున నవ్వింది.

పాఠం అవగానే ఆమె కిటికీ దగ్గరికొచ్చి చెల్లెలి కూతురి పేజీ తెరిచింది. దర్జీ కొట్టు అడ్రసు తీసేసి తన ఇంటి అడ్రసు పెట్టింది. కొత్తది పైకెక్కింది. పాతది దాని కిందే, చెక్కుచెదరకుండా కూర్చుంది. మార్చింది ఎవరో కూడా పక్కనే పడింది. గబగబా వెళ్లి మెట్ల దగ్గర అధికారిని పట్టుకుంది.

“చెరపడం కుదరదు మేడం. కనబడకుండా దాచాలంటే పోలీసు కాగితం ఉండాలి. అయినా కంగారెందుకు? అడ్రసు మారగానే నీటిపన్ను వాళ్లకి అదంతటదే వెళ్లిపోతుంది. బిల్లులు మార్చుకోవాలి కదా!” అన్నాడు, మెచ్చుకుంటున్నట్టు.

అప్పటిదాకా మరిది వెతికితేనే దొరికేది. ఇప్పుడు తనే పంపింది, పాతా కొత్తా రెండూ కలిపి.

చెల్లెలికి ఫోను కొడితే ఎత్తలేదు. మర్నాడు పొద్దున కిటికీ తెరుస్తుండగా ఫోను మోగింది.

“వదినా, బావున్నారా?” మరిది గొంతు. ఎప్పటిలాగే మర్యాదగా ఉంది. “పాపని ఛాతీ విభాగానికి తిప్పుతున్నారట కదా. నాకొక్క మాట చెప్పకపోయారా, పరాయివాడినా? ఆ దర్జీ కొట్టు మెట్లు మరీ నిటారుగా ఉన్నాయి వదినా. ఆయాసం పిల్ల, ఎలా ఎక్కుతుందో ఏమో.”

మెట్లు ఎలా ఉంటాయో ఏ తెర మీదా ఉండదు.

సెలవైనా పెట్టకుండా ఆటో ఎక్కింది. గదికి తాళం. “రాత్రి ఎవరో కింద నిలబడి పైకి చూస్తూ ఉన్నాడమ్మా. తెల్లారేసరికి తల్లీపిల్లా లేరు” అన్నాడు దర్జీ, సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా.

కొన్నాళ్లకు తెలియని నంబరునుంచి చెల్లెలు చేసింది.

“ఎక్కడున్నావే? చెప్పు, నేనొస్తాను.”

“వద్దు. అడగకు అక్కా. నీకు తెలిస్తే సరిగ్గా రాసిపెడతావు.”

ఆ మాటకు ఆమె తల దించుకుంది, ఎదురుగా ఎవరో ఉన్నట్టు.

“పాప మందు?”

“అయిపోయింది.”

“దగ్గర్లో ఏదో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లవే, నీకు దణ్ణం పెడతాను.”

“వెళితే అడ్రసు అడుగుతారుగా.”

అక్క ఫోను చెవికి అదిమిపట్టుకుంది. చెల్లెలి వెనక ఎక్కడో, సన్నగా, ఈల లాంటి ఊపిరి ఒకటి పైకి వచ్చింది. తరవాతిది రావడానికి చాలాసేపు పట్టింది.